నొప్పి తెలియని పాదం

(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసాలు సాధారణంగా పండితుల పేరిటో, ప్రజానాయకుల పేరిటో జరుగుతాయి. ఈ ఉపన్యాసం చెప్పులు కుట్టిన ఒక మనిషి పేరిట జరుగుతోంది. ఆయన తన జీవితమంతా కుష్ఠు ఆస్పత్రిలోని పాదరక్షల గదిలో గడిపారు. డాక్టర్లు, నర్సులు, రోగులు అందరమూ ఆయనను మేస్త్రిగారనే పిలిచేవాళ్ళం. ఫిజియోథెరపీ చదువుకుని ఆ ఆస్పత్రిలో చేరిన నాకు పాదాన్ని చూడటం నేర్పింది ఆయనే. అందుకే కాళ్ళ నరాలు దెబ్బతిన్నవాళ్ళ బతుకు గురించి, వాళ్ళ విషయంలో మనకున్న బాధ్యత గురించి మాట్లాడటమే ఆయనకు తగిన నివాళి అనుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. నరం దెబ్బతిన్న కాలికి అతి పెద్ద ముప్పు నొప్పి తెలియకపోవడం వల్ల వస్తుంది. పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అయితే స్పర్శ చేసే పనిని కంటికి, చేతికి, చెప్పుకి, ఇంట్లోవాళ్ళకి పంచిపెట్టవచ్చు. ఆ పంపకం సక్రమంగా జరిగితే కాలు నిలుస్తుంది.

నరం ఎందుకు చెడుతుంది

పాదానికి స్పర్శనిచ్చే నరాల కణాలు నడుము దగ్గర వెన్నెముక పక్కనే ఉంటాయి. అక్కడి నుంచి ఒక్కో పోగు కాలివేలి కొసదాకా ఏకబిగిన సాగుతుంది. పెద్దవాళ్ళలో దాని పొడవు దాదాపు మీటరు. కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టే. శరీరంలోనూ అంతే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, ఆ నరాలను పోషించే సన్నటి రక్తనాళాలూ దెబ్బతింటాయి. ముందుగా కాలివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తర్వాత పాదం, చీలమండ, పిక్క. తిమ్మిరి మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్ళ కొసల్లోనూ మొదలవుతుంది.

మన దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో లెక్కగట్టింది. షుగర్ ఉన్నవాళ్ళలో సుమారు సగం మందికి ఏదో ఒక దశలో నరాలు దెబ్బతింటాయి. షుగర్ ఒక్కటే కారణం కాదు. ఏళ్ళ తరబడి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతినవచ్చు. మద్యం నరాలను తినేస్తుంది. మూత్రపిండాలు చెడినా, కొన్ని క్యాన్సర్ మందులు వాడినా నరాలు దెబ్బతినవచ్చు. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ వల్ల కూడా ఈ ఇబ్బంది రావచ్చు. దానితోపాటు బి6 మాత్ర ఇచ్చేది అందుకే.

మన ఊళ్ళలో వీటన్నిటికీ ఒకే పేరు, నరాల బలహీనత. ఒకే వైద్యం, బలానికి సూది. ఈ అలవాటు వల్ల అసలు కారణం దాగిపోతుంది. బి12 లోపాన్ని తొందరగా పసిగడితే నరం కోలుకునే అవకాశం ఉంటుంది. మొదటి రకం షుగర్ రోగులపై అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవాళ్ళకు నరాల జబ్బు ముప్పు 60 శాతం తగ్గింది. కాబట్టి తిమ్మిరి మొదలైన రోజే రక్తపరీక్షకు వెళ్ళాల్సిన రోజు.

మంట, మొద్దుబారడం

మా దగ్గరికి వచ్చేవాళ్ళు తమ బాధను చాలా స్పష్టంగా చెబుతారు. "అరికాళ్ళు మండిపోతున్నాయండీ, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను" అంటారొకరు. "చీమలు పాకుతున్నట్టుంది" అంటారు ఇంకొకరు. "దూది మీద నడుస్తున్నట్టుంది, చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియలేదు" అంటారు వేరొకరు. మంటా, మొద్దుబారడమూ ఒకే పాదంలో కలిసి ఉండవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు దీన్ని నమ్మరు. మండుతోందంటాడు, గుచ్చితే తెలియదంటాడు, ఇదేం చోద్యమని నవ్వుతారు. దెబ్బతిన్న నరం బయటి కబురు మోయదు, తనకు తానుగా తప్పుడు కబురు పంపుతుంది. అందుకే ఈ రెండూ ఒకేచోట ఉంటాయి.

మంటకు మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టర్లు ఇస్తారు. ఇవి బాధను తగ్గిస్తాయే తప్ప నరాన్ని బాగుచేయవు. మగత తెప్పిస్తాయి కాబట్టి పెద్ద వయసువాళ్ళు రాత్రి లేచి నడిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మంట తగ్గింది కదా అని షుగర్ మాత్ర మానేసేవాళ్ళున్నారు. అది తమ కాలికి తామే చేసుకునే ద్రోహం.

ఇంకొక సంగతి. ఏళ్ళ తరబడి బాధపెట్టిన మంట ఏ మందూ లేకుండా దానంతటదే తగ్గిపోయిందని కొందరు సంతోషంగా చెబుతారు. కొన్నిసార్లు అది నరం పూర్తిగా మూగబోయిందనడానికి గుర్తు. అక్కడి నుంచే గాయాలు మొదలవుతాయి.

కుష్ఠు వార్డుల్లో దొరికిన జ్ఞానం

స్పర్శ లేని పాదాన్ని ఎలా కాపాడాలో వైద్యలోకం నేర్చుకున్నది చాలావరకు కుష్ఠు రోగుల దగ్గర. నార్వేకు చెందిన హాన్సెన్ 1873లో కుష్ఠు క్రిమిని గుర్తించాడు. ఆ క్రిమి ఒంట్లో చల్లగా ఉండే చోట్ల నరాలను పట్టుకుంటుంది. చీలమండ లోపలి వైపు నుంచి అరికాలికి వెళ్ళే నరం వాటిలో ఒకటి. క్రిమి సంగతి తెలిసిన తర్వాత కూడా, వేళ్ళు కుళ్ళి రాలిపోవడం ఆ జబ్బు స్వభావమేనని లోకం నమ్మింది.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసినవాళ్ళలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రిలో డాక్టర్ కాక్రేన్ ఆయనకు ఆ రోగులను చూపించాడు. ఆ తర్వాత బ్రాండ్, ఆయన సహచరులు ఓపికగా ఒక్కో గాయం వెనకా ఉన్న కారణాన్ని వెతికారు. పొయ్యి దగ్గర కాలింది, తాళంచెవి తిప్పుతుంటే తెగింది, చెప్పులో మేకు దిగింది. ప్రతి గాయానికీ ఒక మామూలు కారణమే దొరికింది. రాత్రికి రాత్రి చేతివేళ్ళు ఎలా తగ్గిపోతున్నాయో అర్థం కాక కాపలా కాస్తే, నిద్రపోతున్నవాళ్ళ వేళ్ళను ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. నొప్పి తెలియదు కాబట్టి రోగి మేలుకోడు. అందుకని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు.

ఆ పరిశీలన మందులన్నిటితో సమానం. వీళ్ళ ఒంటి మాంసం మన ఒంటి మాంసం లాంటిదేనని అది నిరూపించింది. పాదానికి పిండికట్టు వేసి నేల ఒత్తిడి తగలకుండా చేస్తే, ఏళ్ళుగా మానని పుండు కూడా అందరి పుండులాగే మానింది.

1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడ స్పర్శ పోయినవాళ్ళకు కృత్రిమంగా నొప్పిని కలిగించే యంత్రం తయారుచేయాలని ఏళ్ళ తరబడి శ్రమించాడు. చెవిలో మోత పెట్టి హెచ్చరిస్తే రోగులు పట్టించుకోలేదు. చురుక్కుమని కరెంటు తగిలేలా చేస్తే, తాము చేయాలనుకున్న పనికి ముందు యంత్రం మీట కట్టేసి, తర్వాత పని చేసుకున్నారు. నిజమైన నొప్పికి మీట ఉండదు. అందుకే అది మనల్ని కాపాడుతుంది. ఆ ప్రయత్నం ఫలించకపోయినా, కార్విల్‌లో కుష్ఠు పాదాలకు వాడిన పిండికట్టు, మెత్తటి పాదరక్ష, రోజూ పాదం చూసుకునే పద్ధతి షుగర్ రోగుల పాదాలనూ కాపాడాయి. ప్రపంచంలో ఇవాళ జరుగుతున్న షుగర్ పాద వైద్యానికి కుష్ఠు రోగులు గురుస్థానంలో ఉన్నారు.

తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటుంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ వైద్యురాలు రాజా నర్సాగౌడ్ విరాళంతో 1915లో కుష్ఠు ఆస్పత్రి నెలకొల్పింది. ఉత్తరాంధ్రలో సాలూరు ఫిలడెల్ఫియా ఆస్పత్రి తరతరాలుగా ఇదే సేవ చేస్తోంది. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చి క్రిమి చస్తోంది. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేలకు ఒకటి కన్నా తక్కువ కేసుల స్థాయికి జబ్బు దిగింది. కానీ మందు క్రిమిని చంపినంత మాత్రాన పోయిన నరం తిరిగి రాదు. ఎప్పుడో జబ్బు నయమైనవాళ్ళు స్పర్శ లేని పాదాలతో ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. వాళ్ళను మరిచిపోయే హక్కు మనకు లేదు.

మేస్త్రిగారి చెప్పు

ఇప్పుడు మేస్త్రిగారి పని గురించి చెబుతాను. ఎవరైనా వస్తే ఆయన ముందు పాదాన్ని చూసేవారు కాదు. పాత చెప్పులు చేతిలోకి తీసుకునేవారు. మడమ ఏ వైపు అరిగింది, ఏ వేలి కింద గుంట పడింది, ఎక్కడ చెమట మరక ఉందో చూసి, కాలి మీద బరువు ఎక్కడ పడుతోందో చెప్పేవారు. తర్వాత చెప్పు లోపలంతా వేళ్ళతో తడిమేవారు. ఒకసారి ఒక పెద్దావిడ హవాయి చెప్పు అడుగున ఆయన వేలు ఆగింది. తుమ్మముల్లు చెప్పును దాటి పైకి వచ్చింది.

"అమ్మా, ఇదెప్పుడు దిగింది?"

"ఏది నాయనా?"

ఆమె అరికాలిలో, బొటనవేలి మొదట్లో, చిన్న చుక్కంత నల్లటి రంధ్రం ఉంది. చుట్టూ వేడిగా ఉంది. ఆయన ముల్లు తీసి ఆమె చేతిలో కాకుండా వెంట వచ్చిన కోడలి చేతిలో పెట్టారు. "అత్తగారికి తెలియదమ్మా, రోజూ నువ్వే చూడాలి" అన్నారు. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి పంపారు.

ఆయన వాడేది ఎం.సి.ఆర్. అని మనమంతా పిలిచే రబ్బరు. లోపల కంటికి ఆననంత చిన్న గాలి గదులుంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే సగానికి అణగాలి, వదిలితే వెంటనే లేవాలి. అలా లేవని షీటును ఆయన వెనక్కి పంపేసేవారు. మెత్తటి రబ్బరు ఒక్కటే అయితే ముల్లు దిగుతుంది కాబట్టి అడుగున గట్టి పొర అతికించేవారు. మేకు ఒక్కటీ కొట్టేవారు కాదు. జిగురు, దారం, అంతే. వేళ్ళ సందున దూరే పట్టీ పెట్టేవారు కాదు, అక్కడ చర్మం ఒరుసుకుపోతుంది. మడమ వెనక పట్టీ తప్పకుండా ఉండేది. స్పర్శ లేని పాదం చెప్పును పట్టుకోలేదు. చేతివేళ్ళు వంకరపోయినవాళ్ళు బకిల్ పెట్టుకోలేరని అతుక్కునే పట్టీ కుట్టేవారు.

ఆ నల్లటి చెప్పులు చూసి ఊళ్ళో జనం ఇది ఫలానా జబ్బు చెప్పు అని గుర్తుపట్టేవాళ్ళు. దాంతో చాలామంది వాటిని ఇంట్లో దాచి, ఒట్టికాళ్ళతో తిరిగేవాళ్ళు. మేస్త్రిగారు అది గమనించారు. బజారులో అమ్మే చెప్పులు తిరగేసి చూసి, వాటి రంగులూ, పట్టీల తీరూ తన చెప్పులకు తెచ్చారు. వేసుకునేవాళ్ళు పెరిగారు. మనిషి గౌరవం నిలిపితేనే కాలు నిలుస్తుందని ఆయన ఏ పుస్తకమూ చదవకుండా గ్రహించారు.

ప్రతి ఇంటా చేయవలసినవి

స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆస్పత్రిలో 10 గ్రాముల నైలాన్ పోగు వాడతాం. చర్మానికి ఆనించి నొక్కితే, సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. ఆ తాకిడి తెలియకపోతే ఆ పాదానికి రక్షణ పోయినట్టే. ఇంట్లో అయితే దీనికి పరికరం అక్కర్లేదు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆస్పత్రి డాక్టర్లు చూపిన పద్ధతి చాలు. కళ్ళు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసలను మన చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే డాక్టరుకు పాదాలు చూపించాలి.

స్పర్శ తగ్గిందని తేలాక రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి, చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్ళు చూడాలి. పొక్కు, ఎరుపు, పగులు, వేళ్ళ సందున తడి, ఆనెకాయ కింద నల్లమచ్చ వెతకాలి. చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి చూడాలి. ఒక చోట వేడిగా ఉంటే అది పుండుకు ముందు వచ్చే హెచ్చరిక. ఒక పాదం ఎర్రగా, వేడిగా ఉబ్బి, నొప్పి మాత్రం పెద్దగా లేదంటే మరీ ప్రమాదం. లోపల ఎముకలు చెదురుతూ ఉండవచ్చు. ఆ పాదం మీద ఒక్క అడుగు కూడా వేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మన అలవాట్లలో కొన్ని మార్చుకోక తప్పదు. తిమ్మిరికి వేడినీళ్ళ కాపడం పెట్టి పాదం కాల్చుకున్నవాళ్ళను ఏటా చూస్తున్నాం. నీళ్ళు మోచేతితో చూసి పోసుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు, మెడికల్ షాపు ప్లాస్టరు అంటించకూడదు. గాయానికి కాఫీపొడీ సున్నమూ అద్దకూడదు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ రోజే చూపించాలి. చెప్పులో కాలు పెట్టే ముందు చేయి పెట్టాలి.

భక్తి గురించి చెప్పాలి. తిరుమల మాడవీధుల్లో ఎండాకాలం తెల్లరంగు పూసి, పట్టాలు పరుస్తారు. స్పర్శ ఉన్న కాలు చుర్రుమనగానే వాటి మీదికి గెంతుతుంది. స్పర్శ లేని కాలు కాలుతున్న బండ మీదే నిలబడుతుంది. నరాలు దెబ్బతిన్నవాళ్ళు మధ్యాహ్నపు ప్రదక్షిణలు మానాలి. 41 రోజుల దీక్ష చెప్పుల్లేకుండా చేయాలనుకునేవాళ్ళు గురుస్వామికి జబ్బు సంగతి చెప్పి, చెప్పులతో దీక్ష చేయాలి. ఏ దేవుడూ భక్తుడి కాలు కోరడు.

విశ్రాంతి ఎవరికి దొరుకుతుంది

అరికాలి పుండు మానడానికి అసలైన మందు ఒత్తిడి తీసేయడం. కట్టు ఎంత ఖరీదైనదైనా, దాని మీద నడిస్తే పుండు మానదు. మానిన పుండు కూడా 40 శాతం మందికి ఏడాదిలోపే తిరగబెడుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ నాట్లకు వెళ్ళే కూలికి, రోజంతా నిలబడే కండక్టరుకు, మేడలకు ఇటుకలు మోసే మనిషికి రెండు నెలలు కాలు కింద పెట్టవద్దని చెప్పి చేతులు దులుపుకుంటే అది వైద్యం కాదు. ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందని అడగని సలహాను ఆ మనిషి పాటించలేడు. పిండికట్టుతో నడవగలిగే ఏర్పాటు, కూర్చుని చేసే పని, యజమానికి ఒక ఉత్తరం, పింఛను కాగితం, ఇవన్నీ చికిత్సలో భాగమే.

స్పర్శతోపాటు నిలకడా పోతుంది. కీలు ఎలా ఉందో మెదడుకు తెలియదు కాబట్టి కళ్ళు ఆ పని చేస్తాయి. ముఖం కడుక్కుంటూ కళ్ళు మూయగానే తూలడం, చీకట్లో పడిపోవడం అందుకే. రాత్రంతా చిన్న దీపం ఉంచాలి, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాలి, మెట్లకు పిడి ఉండాలి. గోడ పట్టుకుని నిలకడ వ్యాయామాలు రోజూ చేస్తే మేలు కనబడుతుంది. పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళకు కాలిపట్టీ ఉంది. చేతికర్ర పట్టుకోవడం చిన్నతనమని మానుకోవద్దు. బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియనప్పుడు మాత్రం బండి నడపవద్దు. ఇది ఇతరుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

పైకి ఏమీ కనబడని జబ్బు ఇది. కాలు ఉంది, నడుస్తున్నాడు, ఇంకేమిటంటారు జనం. నిద్రలేని రాత్రులు, పడిపోతానన్న భయం, తన కాలే తనది కాదన్న దిగులు ఎవరికీ కనబడవు. ఇంట్లోవాళ్ళు పాదం చూడటం ఊడిగం అనుకోవద్దు. కొడుకు తండ్రి పాదాలు పట్టుకుని చూడటం, భర్త భార్య అరికాలు పరిశీలించడం కొత్తగా అనిపించవచ్చు. అలవాటైతే అది పళ్ళు తోముకోవడమంత మామూలు పని.

మూడు విన్నపాలు

డాక్టర్లకు నా విన్నపం: షుగర్ రోగి వచ్చినప్పుడు చీటీ రాసే ముందు చెప్పులు విప్పించండి. ఏడాదికి ఒక్కసారైనా అరికాలి స్పర్శ పరీక్షించండి. నైలాన్ పోగు లేకపోతే మీ చూపుడువేలు ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు నా విన్నపం: కుష్ఠు నయమైనవారికి ఇస్తున్నట్టే, స్పర్శ పోయిన ప్రతి షుగర్ రోగికీ ఎం.సి.ఆర్. చెప్పులు ఇవ్వండి. కాలు తీసేసే శస్త్రచికిత్సకు చెల్లించే సొమ్ముతో పోలిస్తే జత చెప్పుల ఖర్చు చాలా స్వల్పం. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఒక పాదరక్షల గది తెరవండి. అందులో మేస్త్రిగారి లాంటి పనివాళ్ళను పర్మినెంటు ఉద్యోగులుగా నియమించండి.

చివరగా ఈ సభలో ఉన్న మీ అందరికీ: మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఈ రాత్రి వాళ్ళ పాదాలు మీ చేతుల్లోకి తీసుకుని ఆరు వేళ్ళూ తాకి చూడండి. తెలియలేదని వాళ్ళు చెబితే కంగారు పడకండి, వాయిదా వేయకండి. రేపు పొద్దున్నే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.